నెల్లూరు నుంచి మైపాడు దాకా: ఒక పగటి ప్రయాణం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు.

యాత్రానుభవాల గురించి మాట్లాడమని గ్రంథాలయంవారు అడిగినప్పుడు, కాశీకీ బదరీకీ వెళ్లివచ్చినవాళ్లు కావలిలోనే ఎందరో ఉండగా నన్ను నెల్లూరు నుంచి రప్పించడం దేనికని అన్నాను. ఎక్కడికి వెళ్లారన్నది కాదు, ఏం చూశారో చెప్పండి అన్నారు. ఆ భరోసాతో ఇవాళ నేను నెల్లూరు నుంచి మైపాడుకు చేసిన ప్రయాణం గురించి చెప్పబోతున్నాను. నవ్వుతున్నారు, నవ్వదగిన మాటే. పాతిక కిలోమీటర్ల దూరం, మోటారు సైకిలు మీద ముప్పావు గంట. సాయంత్రం నాలుగింటికి బయలుదేరి, అలల్లో కాళ్లు తడుపుకొని, కాల్చిన మొక్కజొన్న కంకి ఒకటి తిని, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరేవాళ్లు మా మూలాపేటలో వీధికి పదిమంది ఉంటారు. ఆ దారికే మేము ఒక పగలంతా పెట్టాము. పెట్టించింది మా మనవరాలు.

గత సంక్రాంతికి మా అబ్బాయి బెంగుళూరు నుంచి కుటుంబంతో వచ్చాడు. సంక్రాంతి దినాల్లో నెల్లూరులో ఏటి పండుగ జరుగుతుందని మీకు తెలుసు. ముంగిట్లో పెట్టిన గొబ్బెమ్మలను ఆడపిల్లలు పళ్లేలలో సర్దుకొని తీసుకువెళ్లి పెన్నలో కలుపుతారు. ఊరు ఊరంతా ఆ సాయంత్రం ఏటి ఇసుకలోకి దిగి కూర్చుంటుంది. తొమ్మిదేళ్ల మా మనవరాలు వదిలిన గొబ్బెమ్మ నాలుగు అడుగులు సాగి ఇసుక మేటకు తగిలి ఆగింది. కాలితో దాన్ని నెడుతూ, ఇది ఎక్కడికి పోతుంది తాతా అని అడిగింది. సముద్రానికి అన్నాను. ఎంత దూరం అంది. పాతిక కిలోమీటర్లు ఉంటుందన్నాను. కాసేపు ఆలోచించి, "అంత దగ్గర్లో సముద్రాన్ని పెట్టుకుని ఊరు ఇక్కడెందుకు కట్టారు? అక్కడే కట్టుకోవచ్చుగా?" అంది.

ముప్పై నాలుగేళ్లు బడిలో సోషల్ చెప్పినవాణ్ని. ఏ పిల్లవాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నిజం చెప్పాలంటే నాకై నేనూ ఎన్నడూ వేసుకోలేదు. నాగరికతలు నదీతీరాల్లో వెలశాయి అనే పాఠ్యపుస్తక వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని బయటికి రానీయకుండా మా అక్కయ్య అడ్డుపడింది. మా అక్కయ్యకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లి, అరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న మనిషి. "నోటితో చెబితే దానికెట్టా తెలుస్తుందిరా? రేపు నన్ను ఎట్టాగూ ఇంటికాడ దింపాలి గదా. అందరం కలిసి పోదాం. దారెంబడి చూపించు" అంది. అలా ఆ ప్రయాణం ఖాయమైంది.

మొత్తం ఎనిమిదిమందిమి. ఆరు గంటలకు రమ్మన్న వ్యాను ఏడున్నరకు వచ్చింది. తెల్లవారుజామున మరెవరినో రైల్వే స్టేషనులో దింపి రావడంవల్ల ఆలస్యమైందని డ్రైవరు చెప్పిన సంజాయిషీకి మా ఆవిడ సమాధానపడలేదు గానీ, ఆ గంటన్నర మాకు కలిసివచ్చింది. ఎదురుచూస్తూ వాకిట్లో నిలబడే బదులు రంగనాయకులపేటకు వెళ్లి తల్పగిరి రంగనాథస్వామిని దర్శించుకుని, గుడి పక్కన ఏటి ఒడ్డున కూర్చున్నాము. మంచు ఇంకా విడలేదు. ఏట్లో నీళ్లు అక్కడక్కడ పాయలుగా, మధ్యలో జమ్ము పొదలు.

పెన్న కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు పారి, మా ఊరు దాటాక ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఏరు. పొంగితే మాత్రం దానికి హద్దు ఉండదు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసుకుపోయింది. అటువంటి ఏటి పక్కన, కుడిగట్టున కాస్త మెరక చూసుకొని వెలసిన ఊరు నెల్లూరు. పదమూడో శతాబ్దంలో తెలుగు చోడ రాజైన మనుమసిద్ధికి ఇది రాజధాని, విక్రమసింహపురి. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన ఆ రాజు దగ్గర మంత్రి. మనుమసిద్ధి రాజ్యం దాయాదుల పాలైనప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుణ్ని మెప్పించి సైనిక సహాయం తెచ్చిన కథ మీకందరికీ తెలిసిందే. ఆ గణపతిదేవుడి పేరు గుర్తుపెట్టుకోండి, సముద్రం దగ్గర ఆయనతో మళ్లీ పని పడుతుంది.

ఊరి పేరు గురించి రెండు మాటలున్నాయి. నెల్లి అంటే ఉసిరి. ఉసిరి చెట్టు కింద శివలింగం ఉందని కల వచ్చి మూలస్థానేశ్వరుడి గుడి కట్టించారని, ఆ నెల్లి చెట్టు వల్లనే ఊరికి ఈ పేరు వచ్చిందని స్థలపురాణం. నెల్ అంటే వడ్లు, వడ్లు పండే ఊరు గనుక నెల్లూరు అని మరికొందరి మాట. గుడి పక్క వీధిలో పుట్టినవాణ్ని గనుక మొదటి కథ నాకు ఇష్టమే గానీ, మనవరాలి ప్రశ్నకు అక్కరకు వచ్చేది రెండోదే. మామూలు వరి ఉప్పునీటికి ఓర్చుకోదు. పేరులోనే వడ్లు పెట్టుకున్న ఊరు సముద్రానికి కొంత ఎడంగా ఉండక తప్పదు. ఈ మాట నేను గొప్పగా చెబుతుంటే మా మనవడు వ్యాను వచ్చిందని కేకవేశాడు.

మైపాడు గేటు దాటి ఎక్కామంటే ఇక దారి తూర్పుకే. అక్కడ జాఫర్ సాహెబ్ కాలువ కనిపిస్తుంది. ఊరి మధ్యలో దాని రూపం చూస్తే కాలువ అనడానికి మనసొప్పదు. ప్లాస్టిక్ సంచులు, కూరగాయల చెత్త, మురుగు. అదే కాలువ ఊరు దాటి నాలుగు మైళ్లు పోయేసరికి పొలాలకు నీరిచ్చే తల్లి అవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో పెన్న మీద నెల్లూరు దగ్గర ఆనకట్ట కట్టి, ఏటి నీటిని ఇలాంటి కాలువల్లోకి మళ్లించారు. ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న మొదలయింది. మా అబ్బాయి ఫోనులో వెతికి, నెల్లూరు సముద్రమట్టానికి సుమారు 18 మీటర్ల ఎత్తున ఉందని చెప్పాడు. పిల్లలకు అక్కడే ఒక లెక్క ఇచ్చాను: పాతిక కిలోమీటర్లలో 18 మీటర్లు దిగాలంటే కిలోమీటరుకు ఎంత? ముప్పావు మీటరు కూడా లేదని మనవడు తేల్చాడు. వాడి నడుము ఎత్తు కన్నా ఎక్కువ కాదు. అంత కొద్ది వాలు మీద నీరు పరుగెత్తదు. పిలిచిన పొలానికల్లా వెళ్తుంది. డెల్టా అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం నేను తరగతిలో ఎన్నడూ చెప్పలేకపోయాను.

ఇందుకూరుపేట దారిలో జనవరి నెలలో వరి చూడాలి. కృష్ణా డెల్టాలో ఆ రోజులకు కుప్పలు నూర్చి గాదెలు నింపుకొని ఉంటారు. మన దగ్గర అప్పుడు పైరు పచ్చగా పొట్ట మీద ఉంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుఫానులతో వస్తాయి గనుక మన పంటకాలం మిగతా తెలుగు దేశానికి ఒక అడుగు వెనకగా నడుస్తుంది. ఆ తర్వాత నీరు మిగిలితే వేసే రెండో పంటకు ఎడగారు అనే మాట మనకే ఉంది. గుంటూరు స్నేహితులతో అంటే వాళ్లు వివరం అడుగుతారు. అక్కయ్య చిన్నతనంలో ఈ పొలాలనిండా మొలగొలుకులే. ఆ బియ్యం వండితే పక్క ఇంటికి తెలిసేదని ఆమె ఇప్పటికీ అంటుంది. ఇప్పుడా పంట ఆరు నెలలు నేలను పట్టుకుని కూర్చుంటుందని, గాలికి పడిపోతుందని రైతులు దాన్ని దాదాపు వదిలేశారు. ఆమె బాధలో న్యాయం ఉంది, వాళ్ల లెక్కలోనూ న్యాయం ఉంది.

పల్లెపాడు వైపు కొంచెం పక్కకు తిరిగాము. పెన్న ఒడ్డున అక్కడ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. చెట్ల నీడ, పాత కట్టడాలు, నిశ్శబ్దం. పిల్లలకు దప్పిక వేసి అక్కడ నీళ్లు తాగారు. బెంగుళూరు నీళ్లలాగే ఉన్నాయంది మనవరాలు. ఆ మాట నేను మనసులో వేసుకున్నాను, ఎందుకంటే అక్కడి నుంచి తూర్పుకు వెళ్లేకొద్దీ నీటి రుచి మారుతుందని నాకు తెలుసు.

అక్కయ్య ఊరు చేరేసరికి పదకొండు. చేపల పులుసు ముందు రాత్రే కాచి ఉంచమని ఆమె కోడలికి ఫోనులో చెప్పి పెట్టింది. నెల్లూరు చేపల పులుసు నిన్నటిది ఇవాళ తినాలన్న నియమం మీకు నేను చెప్పనక్కరలేదు. మామిడికాయ కాలం కాదు గనుక చింతపండు పులుసే. దాన్ని గిన్నెలోంచి స్టీలు క్యారియరులోకి మారుస్తుండగా నేను పెరట్లోకి వెళ్లి చేతిపంపు కొట్టి నోట్లో పోసుకున్నాను. ఉప్పు. నేను ఇరవై ఏళ్ల వయసులో ఆ ఇంటికి వెళ్లినప్పుడు అదే పెరట్లో బావి ఉండేది, ఆ నీళ్లతోనే వంట. ఇప్పుడు వంటకూ తాగడానికీ ఇరవై లీటర్ల క్యాన్లు కొంటున్నారు. ఆ క్యాన్లు వరసగా వంటింటి గడప పక్కనే ఉన్నాయి. నేను వాటిని దాటుకునే లోపలికి వెళ్లాను.

కారణం ఇంటి వెనకే కనిపిస్తుంది. 1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్యల గుంటలు తవ్వారు. ఎకరం వరి మీద పదేళ్లలో రాని డబ్బు ఒక్క పంటలో వచ్చిన రోజులవి. ఈ సభలో ఉన్నవారిలో కొందరికి ఆ రోజులు బాగానే తెలుసు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి వారం పది రోజుల్లో గుంటలు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది, ఆపైన 2005లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది, 2009 తర్వాత వనామీ రకం వచ్చి గుంటలు మళ్లీ నిండాయి. ఈ చరిత్రంతా మా అక్కయ్య ఒక్క వాక్యంలో చెబుతుంది: పక్క చేలో గుంట తవ్వారు, మరుసటి ఏడు మా గట్టు పక్క పైరు ఎర్రబడింది. రొయ్యలు వేసినవాళ్లను నేను తప్పుపట్టబోవడం లేదు. మా ఇంట్లోనూ ఆ డబ్బుతో చదువుకున్న పిల్లలు ఉన్నారు. అయితే గుంటలోని ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్కకు ఊరుతుందన్నది, బోర్లు వేసి తీపినీటిని ఎడాపెడా తోడితే కింద నుంచి ఉప్పునీరు పైకి వస్తుందన్నది అభిప్రాయం కాదు. దాని లెక్క సముద్రం దగ్గర చెబుతాను.

గంగపట్నంలో చాముండేశ్వరి అమ్మవారికి దండం పెట్టుకుని మళ్లీ ఎక్కాము. ఇక్కడికి వచ్చేసరికి వరి పలచబడుతుంది. గుంటలు, వాటి మీద నురగలు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, వలలు కప్పిన గట్లు, ఆపైన ఉప్పునేలలో మొలిచే ఎర్రటి మొక్కలు. తర్వాత బకింగ్‌హాం కాలువ.

వంతెన మీద వ్యాను ఆపించింది అక్కయ్యే. మోకాళ్ల నొప్పులు ఉన్నా దిగి, కమ్మీ పట్టుకుని నిలబడింది. ఈ కాలువను 1806లో మద్రాసు దగ్గర తవ్వడం మొదలుపెట్టారు, క్రమంగా ఉత్తరానికి సాగించారు, 1876-78 నాటి ధాత కరువు రోజుల్లో కూటికోసం వచ్చినవాళ్లచేత మద్రాసు నగరంలోని అడయారు, కూవం నదుల మధ్య ముక్కను తవ్వించారు, 1878లో ఆనాటి గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. పెదగంజాం దాకా వచ్చే పై భాగం కృష్ణ నీటితో నిండే తీపి కాలువ. అక్కడి నుంచి దక్షిణానికి మద్రాసు దాకా సముద్రపు పోటుపాట్లతో నిండే ఉప్పు కాలువ. ఇదంతా నేను చెప్పాను. అక్కయ్య చెప్పింది వేరు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఈ కాలువలో పడవలు చూసిందట. సరుగుడు కట్టెలు, బియ్యం బస్తాలు మద్రాసుకు పోయేవి. గాలి ఉంటే తెరచాప. గాలి లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద మోకు భుజాన వేసుకుని పడవను లాగుతూ నడిచేవాళ్లు. "ఆ లాగేవాళ్లు మా ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగేవాళ్లు. నీళ్లలో నడుస్తా నీళ్లు అడుక్కోవడం ఏందని నాకు నవ్వొచ్చేది" అంది. మనవరాలు వంతెన మీద నుంచి కిందికి చూస్తూ, ఈ నీళ్లు కూడా ఉప్పేనా అని అడిగింది. అక్కయ్య తల ఊపింది. ఇప్పుడా కాలువలో పడవలు లేవు. చాలా చోట్ల గుర్రపు డెక్క, పూడిక.

మైపాడు చేరేసరికి ఒంటిగంట దాటింది. పిల్లలు వ్యాను ఆగీ ఆగకముందే అలల వైపు పరుగెత్తారు. మా కోడలు వాళ్ల వెనకే. ఆ తీరంలో లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, లాగుడు ఉంటుంది, ఏటా ప్రాణాలు పోతుంటాయి. మోకాలి లోతు దాటవద్దని చెప్పి, మా అబ్బాయిని ముందు నిలబెట్టి, మిగిలినవాళ్లం సరుగుడు తోపులో దుప్పటి పరిచాము. పులుసన్నం తిన్నాము. తాగే నీళ్లు అక్కడికే అయిపోయాయి. ఎనిమిదిమందికి తెచ్చిన నీళ్లలో సగం పిల్లలు కాళ్లు కడుక్కోవడానికి వాడేశారు.

సీసాలు కొనుక్కురావడానికి మా అబ్బాయి లేస్తుంటే అక్కయ్య వద్దంది. తోపులో లోపలికి, ఇసుక దిబ్బ వెనక పల్లంలోకి నడిచి, కాలితో రెండు మూడు చోట్ల ఇసుక జరిపి చూసి, ఒకచోట కూర్చుంది. కొబ్బరి చిప్పతో తవ్వడం మొదలుపెట్టింది. మనవడు, మనవరాలు చేతులు కలిపారు. పైన తెల్లటి పొడి ఇసుక ఎంత తీసినా పక్క నుంచి జారి పడుతుంది. మూరెడు లోతుకు పోయాక ఇసుక రంగు మారి ముదురుగా, చేతికి చల్లగా తగులుతుంది. అప్పటి నుంచి గోడలు నిలుస్తాయి. రెండు మూరల లోతులో అడుగున చెమ్మ మెరిసింది. అక్కయ్య తవ్వడం ఆపించింది. "కదిలించబాకండి. తేరనీండి" అంది. అయిదు నిమిషాలకు చిప్పెడు నీళ్లు ఊరాయి, పాలవిరుగుడు రంగులో. మొదటి రెండు చిప్పలు తీసి పారబోసింది. మూడోది గాజులా ఉంది. కొంగు అడ్డం పెట్టి వడగట్టి మనవరాలి చేతిలో పోసింది. ఆ పిల్ల నాలుక ఆనించి, సముద్రం వైపు చూసి, మళ్లీ చేతిలోకి చూసుకుంది. తీపి. నూట యాభై గజాల దూరంలో అలలు.

ఇక్కడ నేను మాస్టరునయ్యాను. వానకు పడ్డ తీపినీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలబడుతుంది. తీపినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక్క అడుగు పైన ఉంటే, దాని కింద దాదాపు నలభై అడుగుల దాకా తీపినీరు ఉంటుందని శాస్త్రం చెబుతుంది. వినడానికి గొప్ప లాభంగా ఉంది గదా. దాన్ని తిరగేసి చూడండి. బోర్లతో తోడి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే, అడుగున ఉప్పునీరు కాలక్రమాన నలభై అడుగులు పైకి జరుగుతుంది. అక్కయ్య పెరటి బావి కథ అదే. చిప్పతో తోడితే తరాల తరబడి నిలిచే నీరు, మోటారు పెడితే ఒక మనిషి జీవితకాలంలోనే పోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక ఒడ్డు వెంట దక్షిణానికి నడిచాము. ఎండ్రకాయలు కాలి చప్పుడుకు బొరియల్లోకి మాయమవుతున్నాయి. ఒకచోట సముద్రపు తాబేలు ఒకటి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంది. గుడ్లు పెట్టడానికి జనవరి నుంచి ఈ తీరానికి వచ్చే జాతి, పెద్ద వలల్లో చిక్కి ఊపిరాడక పోతుంటాయి. మనవరాలు దాని దగ్గర నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

అక్కడ ఫైబరు బోటు పక్కన కూర్చుని ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. వేలికి చుట్టుకున్న నైలాను దారం, చేతిలో వెదురు సూది. తలెత్తకుండానే మాతో మాట్లాడాడు. నేను మనవరాలికి అప్పటిదాకా చెబుతూ వచ్చిన పాఠాన్ని ముగించే ఉత్సాహంలో ఉన్నాను. ఇక్కడ లోతైన రేవు లేదు, ఇసుక మేటలు ఓడను ఒడ్డుకు రానీయవు. ఇంగ్లీషువాళ్లు 1626లో, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న దుగరాజపట్నం దగ్గర, వాళ్ల మాటలో ఆర్మగాన్‌లో, స్థావరం పెట్టుకుని కూడా 1639లో మద్రాసు చూసుకుని అటు వెళ్లిపోయారు. రేవు ఉన్నచోట కూడా సముద్రం భయమే. మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. పొద్దున చెప్పిన గణపతిదేవుడే. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన వర్తకులకు రాతిమీద మాట ఇచ్చాడు. అంత మాట రాయించవలసి వచ్చిందంటే ఎన్ని ఓడలు పగిలేవో ఊహించండి. ఇక తుఫాను సంగతి కావలివారికి నేను చెప్పడం సాహసమే. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, బంగాళాఖాతమంతా దాటి వచ్చి, నేరుగా మీ ఊరి దగ్గర ఒడ్డెక్కిన తుఫానును ఈ సభలో సగంమంది కళ్లారా చూసి ఉంటారు.

ఈ కారణాలన్నీ చెప్పి, "అందుకే ఇక్కడ ఊరు కట్టలేదు" అని ముగించాను. వల కుడుతున్న పెద్దాయన సూది ఆపాడు.

"ఊరు లేదని ఎవురన్నారు సారూ? మరి మేం ఉండేది ఏంది?" అన్నాడు.

కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. తోపు వెనక ఆయన పాళెం కనిపిస్తూనే ఉంది. రంగులేసిన డాబా ఇళ్లు, గుడి గోపురం, ఆరబెట్టిన నెత్తళ్ల వాసన. మధ్యాహ్నం నుంచి ఆ పాళేన్ని నేను కంటితో చూస్తూ, నోటితో లేదని చెబుతున్నాను. రాజధాని ఉంటేనే ఊరు, శాసనం ఉంటేనే చరిత్ర అన్న చదువు నాది. క్షమించమన్నాను. ఆయన నవ్వి, పాళెం ఎక్కడుందో చూడమన్నాడు. ఇసుక దిబ్బ వీపు మీద ఉంది. ఉప్పెన వస్తే నీరు ముందు పల్లానికి పోతుంది, చెలమ తవ్వితే తీపినీరు ఆ దిబ్బ కిందనే దొరుకుతుంది, అందుకే తాతలు అక్కడ వేశారని చెప్పాడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన పొద్దున తాను వేటకు పోలేదని, ఆదివారమని, ఒడ్డున బోటు కట్టిన తాడు తెగిన చప్పుడు ఇంకా చెవిలో ఉందని చెప్పాడు. ఇప్పుడు పాళెంలో కుళాయిలున్నాయి. వారానికి కొన్ని రోజులు వస్తాయట. చెలమలు ఎవరూ తవ్వడం లేదట. మేము మధ్యాహ్నం తవ్విన సంగతి చెబితే, ఎక్కడ తవ్వారో చూపించమని మాతో కూడా వచ్చాడు. చిప్పెడు తాగి, అక్కయ్య వైపు చూసి, "మీది ఈ పక్క ఊరేనా పెద్దమ్మా?" అన్నాడు. అంతకుమించిన మెప్పు ఆమెకు ఎవరూ ఇచ్చి ఉండరు.

చీకటి పడ్డాక తిరిగి బయలుదేరాము. అక్కయ్యను ఇంటి దగ్గర దింపాము. నెల్లూరులో ఇంకో రెండు రోజులు ఉండిపొమ్మంటే, మీ ఊరి నీళ్లు చప్పన అంది. గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర. వ్యానులో సీట్ల కింద ఇసుక ఊడ్చి ఇచ్చినందుకు డ్రైవరు మా ఆవిడకు దండం పెట్టాడు, పొద్దుటి లెక్క అక్కడితో చెల్లిపోయింది.

ఒకటి మరిచాను. మనవడు ఒక లీటరు సీసా నిండా సముద్రపు నీళ్లు తెచ్చాడు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుందని, అయితే గంగ మొదలు కృష్ణ దాకా పెద్ద నదులన్నీ వచ్చి కలిసే బంగాళాఖాతంలో పైపొర నీటిలో కొంత తక్కువ ఉంటుందని నేను చెబితే, చూస్తే గాని నమ్మనన్నాడు. మేడ మీద రెండు స్టీలు పళ్లేలలో పోసి ఆరబెట్టాడు. ఏడో రోజు గీకి తీసి వీధి చివర కిరాణా కొట్టు త్రాసులో తూయించాడు. తడితో కలిపి ముప్పై గ్రాముల దగ్గర తేలింది. పల్లెపాడు చూసి వచ్చాడు గదా, ఉప్పు సత్యాగ్రహం చేశానని వీధిలో చెప్పుకున్నాడు. ఫోనులో అక్కయ్యకు చెబితే, "అంతేనా? మా పంపులో ఇంకా వస్తుంది, ఈసారి ఇక్కడ ఆరబెట్టమను" అంది. ఆ ఉప్పు చిన్న సీసాలో మా వంటింటి అలమరలోనే ఉంది. కూరలో వేయడానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు.

నమస్కారం.